మా నాన్న కాలు వణకలేదు

ఆటోనగర్‌లో మా పికప్‌కి ఇంజన్ మార్చిన మేస్త్రీని నేను ఇంకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఆదివారం చర్చిలో అందరూ కలిసి చెప్పే ప్రార్థనలో క్షమించడం గురించిన ముక్క వస్తుంది కదా, అక్కడికి వచ్చేసరికి నోరు మూసుకుంటాను. అది దాటాక మళ్ళీ అందుకుంటాను. అమ్మ పక్కనుంచి మోచేత్తో పొడుస్తుంది. పొడవనీ.

ఆయన పని చెడగొట్టాడని కాదు నా కోపం. పని ఎవరి చేతిలోనైనా చెడుతుంది. ఆయన మా నాన్నని ఒక మాట అన్నాడు, అదీ పదిమందిలో అన్నాడు.

మాది గుడ్ల బండి. నూజివీడు వైపు కోళ్ళఫారాల్లో తెల్లారకముందే గుడ్లు ఎక్కించుకుని, విజయవాడ వచ్చి పటమట నుంచి మా భవానీపురం దాకా షాపుల్లో దించుకుంటూ వస్తాం. నా చిన్నప్పటినుంచీ నాన్న ఇదే పని. ఇంటర్ తప్పాక నేనూ పక్కసీట్లో ఎక్కాను. ట్రేలు దించడం, షాపుల వాళ్ళతో మాట్లాడటం నా వంతు. మాట్లాడటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాన్న నోరు విప్పడు, నేను ముయ్యను, ఇద్దరికీ సరిపోయేది. బండి నడపడం కూడా నాన్నే నేర్పాడు, లైసెన్సు ఉంది. కానీ లోడు ఉన్నప్పుడు స్టీరింగు నాన్నదే. గుంత వచ్చే ముందే ఆయన కాలికి తెలిసిపోతుంది. నాన్న తెచ్చిన ట్రేలో పగిలిన గుడ్డు కనపడితే షాపు వాళ్ళు, ఇది కోడి తప్పే అయ్యుంటుందని నవ్వేవాళ్ళు.

బండి ముసలిది. పోయిన వేసవిలో ఎనికేపాడు దాటగానే పొగలు కక్కి ఆగిపోయింది. పాత ఇంజన్ ఇక పనికిరాదన్నారు. మా బండి రకానిదే ఇంకో బండి ఎక్కడో గుద్దుకుని తుక్కుకి వస్తే, దాని ఇంజన్ తీసి మాకు వేస్తానన్నాడు ఈ మేస్త్రీ. ఆటోనగర్‌లో మంచి పేరున్న మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుని, చెయ్యి నల్లగా కాకుండా పని చేయించే స్థాయికి వచ్చాడు.

బండిలోకి ఇంజన్ దించే రోజు నేనూ నాన్నా అక్కడే ఉన్నాం. ఆ మేస్త్రీకి రాహుకాలం పట్టింపు. కొత్తగా పెట్టిన ఇంజన్ మొదటి కూత రాహుకాలంలో వినపడకూడదంటాడు. ఆ షెడ్డులో అది ఆనవాయితీ, తప్పని మేము అనుకోలేదు. ఆయనకి ఆయన నమ్మకం, మా నాన్నకి బానెట్ మీద చెయ్యేసి కళ్ళు మూసుకోవడం. కానీ పొద్దున్నుంచీ ఇంజన్ ఎత్తే గొలుసు కప్పీ మొరాయించి, పని అయ్యేసరికి టైము దగ్గర పడిపోయింది. "కానీ కానీ, వచ్చేస్తంది టైము, ముందు స్టార్టు చెయ్యండి, బోల్టులు తర్వాత చూసుకుందాం" అని ఒకటే తొందర. స్టార్టు చేశారు, కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, అందరికీ లడ్డూలు పంచారు. నేను రెండు తిన్నాను. అవి తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదవుతుంది.

మర్నాటి నుంచే బండి తేడాగా ఉంది. ఆగి ఉంటే జ్వరమొచ్చిన మనిషిలా వణుకు. అద్దాలు గలగల, డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను దానంతటది నడుచుకుంటూ వచ్చి నా ఒళ్ళో పడేది. మొదటి గేరులో కదిలేటప్పుడు దడదడమని కొట్టుకుని ఎగిరినట్టు ముందుకు పోయేది. స్పీడు అందుకుంటే మామూలే. కానీ ఊళ్ళో స్పీడు ఎక్కడిది, ప్రతి షాపు దగ్గరా ఆగాలి, మళ్ళీ కదలాలి. వెనక ట్రేల్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినపడేది. గుడ్డు పగిలే చప్పుడు చిన్నదే, కానీ నాన్న ప్రతి చప్పుడుకీ మెడ ముడుచుకునేవాడు.

పటమటలో ఒక షాపు అక్క నాలుగో రోజు నాన్న ఎదురుగా ట్రే వంచి చూపించింది. సొన కారుతోంది. "ఏంటి బాబాయ్ గారూ, ఎప్పుడూ లేంది" అంది. ఆమె మామూలుగానే అంది. నాన్న ట్రే మారుస్తూ ఆమె మొహంలోకి చూడలేదు.

తిన్నగా ఆటోనగర్ వెళ్ళాం. మేస్త్రీ షెడ్డు ఎదురుగా టీ బంకు దగ్గర ఉన్నాడు, చుట్టూ ఆ వరసలో షాపుల వాళ్ళు. నాన్నకీ ఒక టీ చెప్పాడు.

"ఏంటి అన్నగారూ, మళ్ళీ వచ్చారు."

"కదిలేటప్పుడు బాగా కొడతందండీ. నిలబడున్నా వణుకుద్ది. గుడ్లు ఆగట్లా."

మేస్త్రీ తాళాలు తీసుకుని బండి ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ఖాళీ బండి, పైగా యాక్సిలరేటర్ అదిమిపెట్టి గుయ్యిమనిపిస్తూ తోలాడు. అలా తోలితే వణుకు తెలీదు. దిగి, "నాకేం కొట్టలా" అన్నాడు. అప్పుడు ఆయన కన్ను నాన్న చేతిలో టీ గ్లాసు మీద పడింది.

నాన్న చేతులు వణకడం నిజం. కొన్నేళ్ళుగా ఉంది. గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి, స్టీరింగు పట్టుకుంటే నిలబడిపోతాయి. ఎందుకని డాక్టరు చెప్పాడు గానీ నా బుర్రకి ఎక్కలేదు. నాన్న గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు.

"బండి కాదు అన్నగారూ వణికేది. మీరు" అన్నాడు మేస్త్రీ, అందరికీ వినపడేలా. "క్లచ్చి మీద కాలు నిలబడకపోతే పాపం ఇంజన్ ఏం చేసిద్ది. ఇక చాల్లెండి తోలింది. ఇంట్లో కూర్చుని మనవళ్ళని ఆడించుకోండి."

బంకు దగ్గర నవ్వారు. పెద్దగా కాదు, ముక్కుల్లో.

"మనవళ్ళు ఇంకా లేరండీ" అన్నాడు నాన్న.

అది మరీ మంట నాకు. అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పినట్టు చెప్పాడు. నేను అందుకున్నాను. "రేపట్నుంచి నేను తోలతా. అప్పుడూ పగిల్తే ఏమంటారు మేస్త్రీ గారూ."

"నువ్వు తోలితే గుడ్లు కాదమ్మా, కోళ్ళు కూడా మిగలవు" అన్నాడు. ఈసారి నోళ్ళతోనే నవ్వారు.

ఇంటికొచ్చాక నాన్న తాళాలు ఫ్రిజ్ మీద పెట్టేశాడు. "నిజమేనేమో అమ్మా" అన్నాడు. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. నేనే తోలాను. నేను తోలినా గుడ్లు పగిలాయి, మేస్త్రీ జోస్యం ఫలించినట్టే అయింది. ఒకరోజు లోడు దించి మధ్యాహ్నం ఇంటికి వస్తే, నాన్న వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు నేలమీద ఆనించి మెల్లగా నొక్కుతున్నాడు, మెల్లగా వదులుతున్నాడు. క్లచ్చి నొక్కినట్టు. వంగి తన పాదాన్నే చూసుకుంటున్నాడు. నన్ను చూసి, చీమేదో కుట్టిందన్నట్టు కాలు గోక్కున్నాడు.

ఆ మనిషి చేత ఆ మాట వెనక్కి తీయించకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదనుకున్నాను. మామూలుగా తీయించడం కాదు. తల దించి తీయించాలి, చూసినవాళ్ళు నవ్వాలి. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ కూడా అదే ఆలోచన. పగిలిన గుడ్ల బకెట్టు ఆయన షెడ్డు గుమ్మంలో బోర్లించాలనుకున్నాను. ఆయన బైకు సీటు తెరిచి సొన పోయాలనుకున్నాను. కానీ బండిలో తప్పేంటో పట్టుకోకుండా ఏం చేసినా, తండ్రి ముసలాడు కూతురు పిచ్చిది అంటారు.

ఇంకో మెకానిక్‌కి చూపిద్దామంటే ఒక్కరూ బానెట్ ఎత్తలేదు. ఆటోనగర్‌లో అదొక పద్ధతి. ఒకరు ఇంజన్ దించిన బండి మీద అదే వరసలో ఇంకొకరు చెయ్యి వెయ్యరు. వేస్తే రేపు ఎదురుపడినప్పుడు మొహాలు చూసుకోలేరు. "ఆయన్నే అడగమ్మా" అని అందరూ ఒకే పాట. చివరికి డీజిల్ పంపులు బాగుచేసే బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. నాన్నకి ఎరిక. ఆయనా అదే అన్నాడు, కానీ టీ గ్లాసు పట్టుకుని మా బండికి కాస్త దూరంలో స్టూలేసుకుని కూర్చున్నాడు.

"నేను ముట్టుకోనమ్మా. నాకు నీ బండి తెలీదు. నేను గాలితో మాట్లాడుకుంటన్నా. నువ్వు విన్నావో లేదో నాకనవసరం."

"నాకు చెవుడు బాబాయ్, మాట్లాడు."

"నాలుగు సిలిండర్లలో ఒకటి పని చెయ్యకపోతే బండి అట్టాగే వణుకుద్ది. స్టార్టింగులో పెట్టి, ఇంజెక్టరు పైపుల నట్టులు ఒక్కోటి కాస్త వదులు చెయ్యాలి. వదులు చేసినప్పుడు ఇంజన్ గొంతు పడిపోతే ఆ సిలిండరు బతికున్నట్టు. గొంతు మారకపోతే అది ముందే చచ్చినట్టు. కళ్ళు దూరంగా పెట్టుకోవాలి, డీజిల్ చిమ్ముద్ది. ఇదంతా నేను గాలికి చెబుతున్నా."

నాన్న పాత చొక్కా వేసుకుని పానా పట్టుకున్నాను. మొదటి నట్టు వదులు చెయ్యగానే ఇంజన్ గొంతు పడిపోయింది. బిగించాను. రెండోది, మూడోది, నాలుగోది. ప్రతిసారీ గొంతు పడింది, బిగించగానే లేచింది. అన్నీ బతికే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఒక్కటైనా చచ్చి ఉంటే మేస్త్రీ గొంతు పట్టుకునేదాన్ని కదా. ఇంజన్ బాగుందంటే ఇక మిగిలింది నాన్న కాలే.

బాబాయ్ గ్లాసు ఖాళీ చేసి లేచాడు. "ఇంజన్ మంచిదైతే, అది కూర్చున్న చోటు ఎట్టా ఉందో చూసుకోవాలి. కుర్చీ బాగోకపోతే ఎంత మంచోడైనా కదులుతానే ఉంటాడు. కింద జాకీ పెట్టి కొంచెం లేపి చూడమని గాలికి చెప్తన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటి ముందు సందులో పెట్టాను బండిని. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, స్టార్టింగులో ఉంచి, ఇంజన్ కింద ఆయిల్ ఛాంబర్‌కి పలక ఆనించి జాకీ తిప్పాను. నాలుగు చుట్లు తిప్పానో లేదో, వణుకు ఆగిపోయింది. గలగలలాడే అద్దాలు నోరు మూసుకున్నాయి. జాకీ దించాను, మళ్ళీ దడదడ. లేపాను, నిశ్శబ్దం. అలా ఎన్నిసార్లు ఆడుకున్నానో. అమ్మ వంటింట్లోంచి, "ఏం చేస్తన్నావే దాన్ని" అని అరిచింది.

ఇంజన్ ఆపి, ఫోను లైటు వేసుకుని కిందికి దూరాను. ఇంజన్‌ని ఛాసిస్ చట్రం మీద రెండు పక్కలా రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు, వణుకంతా ఆ రబ్బర్లే మింగుతాయి. ఎడమ పక్క రబ్బరు బరువుకి నలిగి, నూనె పట్టి ఉంది. కుడి పక్కది నలగలేదు. దానిమీద రబ్బరు అమ్మిన షాపువాడు గీసిన సుద్దగీత కూడా చెరగలేదు. దాని మీద బరువే పడటం లేదన్నమాట. మరి ఆ పక్క ఇంజన్ దేనిమీద కూర్చుందని వెతికితే, రబ్బరు పక్కనే ఇంజన్ కాలికీ ఛాసిస్‌కీ మధ్య ఏదో నల్లగా ఇరుక్కుని ఉంది. గ్రీజూ దుమ్మూ పట్టి అచ్చం ఛాసిస్ ముక్కలాగే కనిపిస్తోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. దిగింది. ఇనుములో దిగదు కదా. లాగితే పీచు వచ్చింది.

తాటిచెక్క ముక్క. ఇంజన్ దించేటప్పుడు ఎత్తు సరిపెట్టడానికి కింద పెట్టి, బోల్టులు వేశాక తీసెయ్యాల్సినది. రాహుకాలం ముందు ఇంజన్ కూత పెట్టించాలన్న తొందరలో స్టార్టు చేసి, లడ్డూలు పంచి, అక్కడే మర్చిపోయారు.

అక్కడే పడుకుని నవ్వాను. ఇంట్లో మా నాన్న కుర్చీలో కాలు నొక్కుకుంటున్నాడు, కింద నేను నవ్వుతున్నాను.

అమ్మకి చూపిస్తే, "అయితే తీసి అవతల పారెయ్యి, నాన్నకి చెబ్దాం" అంది.

"తియ్యను. పెట్టినోడే తియ్యాలి. ఇప్పుడు నాన్నకి చెబితే, తనని ఓదార్చడానికి చెబుతున్నాననుకుంటాడు."

"ఎందుకే నీకంత కక్ష."

"నీకు లేదేంటమ్మా, నాకదీ అర్థం కావట్లా" అన్నాను. ఆ రోజు గుడ్లు పగిలిన ట్రేలు కడగొద్దని చెబితే అమ్మ ఎందుకని అడక్కుండా వదిలేసింది. అంటే అమ్మకీ ఉంది.

ఎండాకాలం, పగిలిన గుడ్లు, రెండు రోజులు. ఆ వాసన గురించి నేను రాయను, అన్నం తినే వాళ్ళు ఎవరైనా చదువుతారు. ఆ ట్రేలని బండి వెనక సరుకు తొట్టిలో సరిగ్గా క్యాబిన్ వెనక, తుప్పు పట్టి చిల్లులు పడ్డ చోట పేర్చుకుని, అందరూ టీకి చేరే టైముకి ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డు ముందు బండి ఆపి, ఇంజన్ ఆపకుండా దిగి, డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచాను.

"మేస్త్రీ గారూ, ఒకసారి రండి."

"మళ్ళీ వచ్చావా. నాన్నెక్కడ."

"ఇంట్లో ఉన్నారండి, మీరు చెప్పినట్టే. సీటు చూడండి. ఎవరూ లేరు. బండి వణుకుతుంది. ఎవరి కాలండి ఇది."

వరసలో వాళ్ళు గ్లాసులు పట్టుకుని దగ్గరికి వచ్చారు. మేస్త్రీ బానెట్ మీద చెయ్యేసి, "పాత బండి, డీజిల్ బండి, ఆ మాత్రం ఉండుద్ది" అన్నాడు.

నేను జాకీ పెట్టి తిప్పాను. వణుకు ఆగింది. దించాను, మొదలైంది. "ఇప్పుడు ఇది కొత్త బండి. ఇప్పుడు పాతది. మళ్ళీ కొత్తది" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు.

మేస్త్రీ మొహం మారింది. తెలిసిన పనివాడు కదా, జాకీ తిప్పగానే అర్థమైపోయింది. ఇంజన్ ఆపించి, పనివాణ్ణి పిలిచి కింద చూడమన్నాడు.

"ఆయన వద్దండి. మా నాన్న కాలు మీరు చూశారు. ఇదీ మీరే చూడండి."

అందరూ చూస్తున్నారు. పంపుల బాబాయ్ కూడా తన షాపు గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. వేరే దారి లేక మేస్త్రీ అట్టముక్క పరుచుకుని పడుకున్నాడు. తల ఇంజన్ కింద, కాళ్ళు తొట్టి కింద. నేను తొట్టి పక్కకి వెళ్ళి, ఏదో సర్దుతున్నట్టు పై ట్రేలని ఒక్క నొక్కు నొక్కాను. చిల్లుల్లోంచి సొన సన్నగా, పసుపుగా, తీరిగ్గా కారింది. ముందు ప్యాంటు మీద, లేవబోతే తెల్లచొక్కా మీద. ఆయన అటూ ఇటూ తిరిగేకొద్దీ ఇంకా అంటుకుంది. నా జన్మలో ఇంత తృప్తిగా ఏదీ చూడలేదు. సారీ చెప్పాను కూడా. "అయ్యో, గుడ్లు ఆగట్లేదండీ ఈ బండిలో" అన్నాను.

చెక్కముక్క చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ముక్కు మూసుకుని నలుగురూ వెనక్కి జరిగారు. "ఆ రోజు టైము తొందరలో చిన్నముక్క మర్చిపోయాం. ఏ షెడ్డులోనైనా జరిగేదే" అన్నాడు. కుడివైపు బోల్టు తనే బిగించాడు. స్టార్టు చేస్తే బండి పిల్లిలా కూర్చుంది.

"అయిపోయింది కదమ్మా."

"బండికి అయిపోయింది. నాన్నకి చెప్పండి."

"ఫోను కలుపు, చెబుతా."

"ఫోనులో కాదు. ఎక్కండి."

ఎక్కడేమోననుకున్నాను. కానీ అంతమందిలో, అలా కారుతూ నిలబడటం కంటే బండెక్కడం నయమనిపించిందేమో. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా పక్క ఆటోల వాళ్ళు ఆయన వైపు చూసి మొహం తిప్పుకున్నారు. అద్దం దించనా అని అడిగితే వద్దన్నాడు.

ఇంటి ముందు నాన్న లేచి నిలబడ్డాడు. మేస్త్రీ చొక్కా చూశాడు, నన్ను చూశాడు.

"అన్నగారూ, మీ కాలు కాదండీ. నా చెక్క. ఇంజన్ కింద మర్చిపోయా. మీ తప్పేం లేదు" అన్నాడు మేస్త్రీ. గొంతు చిన్నదైనా మాట స్పష్టంగా అన్నాడు. తలా దించాడు. నేను అనుకున్నవన్నీ జరిగిపోయాయి.

నాన్న కాసేపు చెక్కముక్క వైపు చూశాడు. అమ్మతో టీ పెట్టమంటాడని, పోనీలెండి అంటాడని నాకు ముందే ఒళ్ళు మండుతోంది.

"ఇక్కడ ఎవరూ లేరండీ" అన్నాడు నాన్న.

మేస్త్రీకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మీరు అన్నది టీ బంకు దగ్గర కదండీ. నలుగురున్నారు. నేను ఒక్కణ్ణే విన్నట్టయితే ఇక్కడ చాలును."

లోపలికి వెళ్ళి చెప్పులేసుకొచ్చాడు. నా వైపు చెయ్యి చాపాడు. తాళాలు పెట్టాను. చెయ్యి వణుకుతూనే ఉంది, దాచుకోలేదు. స్టీరింగు ముందు కూర్చుని, మధ్యలో మేస్త్రీని ఎక్కించుకుని, నన్ను తలుపు పక్కన కూర్చోమన్నాడు. మా సందులోంచి రివర్సులో ఒకే ఊపున బయటికి తీశాడు. నేను అలా ఎప్పుడూ తియ్యలేను, రెండుసార్లైనా ముందుకీ వెనక్కీ అవుతాను.

ఊరంతా దాటి ఆటోనగర్ దాకా నాన్నే తోలాడు. తొందర పడలేదు. దారి పొడవునా కదిలిన ప్రతిసారీ బండి నెయ్యి జారినట్టు కదిలింది. టీ బంకు ముందు ఇంజన్ ఆపకుండా బండి నిలిపాడు. నేను దిగి మేస్త్రీకి దారి ఇచ్చాను.

మేస్త్రీ దిగి, ఇంటి దగ్గర చెప్పిన మాటే చెప్పాడు. అందరికీ వినపడేలా కాదు, బంకు దగ్గర ఉన్నవాళ్ళకి. నాన్న సీట్లోంచే, "వెనకున్న వాళ్ళకి వినపడలేదండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు, మర్యాద అలాగే ఉంది. మేస్త్రీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఈసారి పంపుల బాబాయ్ దాకా వినపడింది.

ఎవరో నాన్నకి టీ చెప్పబోయారు. నాన్న వద్దని తలూపాడు. నేను ఎక్కగానే మొదటి గేరు వేశాడు.